పానా చప్పుడు

హేరాకాజీ తామ్రకార్ సైకిలును స్టాండుకు తగిలించి, ముందు చక్రం ఊడదీసి, దాన్ని పట్టి ఉంచే ఫోర్కు కాళ్ళలోని గాలిని వదిలిపెట్టేసరికి సందు మొదట్లో ఎవరో మేకను ఈడ్చుకుపోతున్నారు. దుకాణంలో ఉన్న ఇద్దరు స్త్రీలూ ఆ అరుపుకు తల తిప్పి చూశారు. ఆయన తిప్పలేదు.

ఆ రోజు అష్టమి. మిగిలిన మిస్త్రీలు దసైఁ అనే దసరా పండుగకు ఊళ్ళకు వెళ్ళిపోయారు. తెల్లవారితే నవమి, పాటన్‌లో ఆ రోజు పనిముట్లకు పూజే తప్ప వాటితో పని ఉండదు. సిర్జనా గురుంగ్ పోఖరాలో తల్లి చేత నుదుట పండుగ టీకా పెట్టించుకుని, అక్కడి నుంచే యాత్రికులను ముస్తాంగ్ కొండదారుల మీదికి సైకిళ్ళపై తీసుకుపోవాలి. కాబట్టి ఆ ఫోర్కు ఈ పూటే తయారు కావాలి. ఫోర్కు కుడికాలి అడుగు నుంచి నూనె కారుతోందని ఆమె తెచ్చింది. ఇప్పుడు గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని బఠాణీలు నములుతోంది.

"రాళ్ళ పాపమే కదా, బా?" అంది ఆయనతో. "లుప్రా కొండ దిగుడులో దీని చేత నానా తిట్లూ తిన్నాను."

"రాళ్ళదేం పోయింది, నీ పొగరు గాని," అంది లోపల పూజాసామగ్రి సర్దుతున్న పద్మశోభ. దుకాణం ఆమెది. "మొన్న చక్రం వంకర చేసుకొచ్చావు. అప్పుడూ రాళ్ళేనన్నావు."

"మీ దుకాణం నడిచేదే నా పొగరు మీద, దీదీ."

హేరాకాజీ నవ్వాడు. ఆమె మాట వినబడి కాదు, వాళ్ళిద్దరి ముఖాలూ చూసి. ఇలా నవ్వి ఊరుకోవడం వల్ల ఆయనకు మితభాషి అన్న పేరు వచ్చింది. మితభాషిని ఎవరూ రెండోసారి ప్రశ్నించరు. అందువల్ల అసలు సంగతి ఇంతకాలం దాగింది.

కుడికాలి కింద ఉన్న ఎర్ర గుండీని లాగి, దాని వెనక దాగిన బోల్టు తలలోకి అలెన్ కీ దూర్చాడు. కీ పట్టు దొరక్క జారింది. బోల్టు తలలోని ఆరు మూలలూ అరిగి గుండ్రబడ్డాయి. కొంచెం పెద్ద కీని కొట్టి దింపి, ఒడుపుగా తిప్పి బోల్టును సగం వదులు చేశాడు. అప్పుడు కొయ్యసుత్తి తీసుకున్నాడు. అది దుకాణపు సుత్తి కాదు, ఆయన ఇంటిది. పిడి జామకొయ్య, ముఖం మీద కొన్ని తరాల దెబ్బలు పడి బొద్దుగా ఉంటుంది. కీ వెనక దానితో ఒక్క దెబ్బ వేస్తే లోపలి కడ్డీ పట్టు వదిలింది. ఆ బోల్టునూ, ఎడమకాలి బోల్టునూ పూర్తిగా ఊడదీసి, కింది కాళ్ళను రెండు చేతులా లాగాడు. మసిరంగు నూనె పళ్ళెంలోకి జారింది.

కుడికాలి బోల్టును గుడ్డతో తుడిచి దీపం కింద పెట్టి చూశాడు. మరచుట్ల మధ్య అల్యూమినియం రజను మెరిసింది. మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. రాగి వాషరు నలిగి, అంచు దాటి రేకులా పరుచుకుంది. నూనె కారింది అందువల్లనే. ఇంకొక్క దిగుడు దిగి ఉంటే బోల్టు తల తెగేది. ఆ పైన ఫోర్కు కాలు నడుస్తుండగానే ఊడిపోవచ్చు. ఇదంతా అతిగా బిగించడం వల్ల జరిగేదే తప్ప రాళ్ళ వల్ల జరిగేది కాదు.

బోల్టు తల మీద సన్నని ఎర్ర గీత ఉంది. బిగింపు పూర్తయిన బోల్టు మీద గోళ్ళరంగుతో అలా గీత గీయడం ఆయన అలవాటు. ఆ దుకాణంలో మరెవరికీ ఆ అలవాటు లేదు.

గీతను బొటనవేలితో కప్పి చూశాడు. ఆ బోల్టును చెత్తడబ్బాలో పడేస్తే ఆ గీత ఇక ఎవరి కంటా పడదు. రాళ్ళ మాట సిర్జనా తానే అనేసింది. ఆయన ఊరుకుంటే చాలు.

హేరాకాజీ పుట్టింది రాగి సాగగొట్టే ఇంట్లో. నడవలో నలుగురు మగవాళ్ళు చుట్టూ కూర్చుని ఒక బిందెను దెబ్బ తరువాత దెబ్బగా కొడుతుంటే, పసివాడిగా ఆయన ఆ చప్పుడులోనే నిద్రపోయేవాడు. దెబ్బ తిన్నకొద్దీ రాగి గట్టిపడుతుంది. కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. స్టీలు బిందెలు వచ్చి ఆ నడవ నిశ్శబ్దమైపోయాక, పద్మశోభ తండ్రి ఆయనను ఈ దుకాణంలోకి తీసుకున్నాడు. చెవులు అప్పటికే సన్నని చప్పుళ్ళను వదిలేశాయి. మొదట పిట్టలు పోయాయి, తరువాత కుక్కరు ఈల, ఆ తరువాత బిగింపు కొలిచే పానా చేసే టిక్కుమనే శబ్దం. అయినా పని సాగింది. బిగింపు సరిపోయినప్పుడు ఆ పానా అరచేతిలో చిన్నగా అదురుతుంది, ఆయన దానినే నమ్ముకున్నాడు. ఈ మధ్య చక్కెర జబ్బు వచ్చి వేళ్ళు మొద్దుబారాయి. అదురు ఎప్పుడు తెలియకుండా పోయిందో ఆయనకే తెలియదు.

సొరుగులోంచి కొత్త బోల్టు, కొత్త వాషరు తీశాడు. వాటిని ఫోర్కుకు బిగించే ముందు, బల్లకు బిగించిన వైసులో పాత కడ్డీ ముక్క ఒకటి పట్టించి, పనికిరాని బోల్టు ఒకటి దానికి తొడిగాడు. పానాను కొలతకు పెట్టి నెమ్మదిగా తిప్పాడు.

"నానీ, ఇది పలికిందా?" అని సిర్జనా పెదవుల వంక చూశాడు.

సిర్జనా బఠాణీలు నమలడం ఆపింది. "ఏ పలుకు బా, మొదటిదా రెండోదా? రెండుసార్లు పలికింది. మీరు మూడోదానికి పోతున్నారు."

ఆమె నవ్వింది. ఈసారి ఆయన నవ్వలేదు.

పానాను బల్ల మీద పెట్టి, మిగిలిన పనంతా మామూలుగా చేశాడు. పాత రబ్బరు సీళ్ళు పెకలించి, కాళ్ళ లోపల కర్రకు చుట్టిన గుడ్డతో తుడిచాడు. కడ్డీ లోపలి మరచుట్లను దీపం పెట్టి చూశాడు, అవి చెడలేదు. స్పాంజి ఉంగరాలను నూనెలో నానబెట్టి తొడిగాడు. కొత్త సీళ్ళు దింపాడు. సైకిలును వాల్చి, కాళ్ళలో కొలత నూనె పోసి, బోల్టులను వేళ్ళతో తిరిగినంత వరకూ తిప్పాడు.

"నానీ, ఇలా రా," అని లోపలికి కేకేశాడు. పద్మశోభనూ చిన్నప్పటి నుంచీ ఆయన అలాగే పిలుస్తాడు. "ఇవి నువ్వు బిగించు."

"ఇప్పుడా కాకా? చేతుల నిండా సింధూరం," అని ఆమె చేతులెత్తి చూపింది.

"కడుక్కునే రా."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి పానా అందుకుంది. ఆయన పానాను కాక ఆమె ముఖాన్ని చూశాడు. ఒకచోట ఆమె కనురెప్ప కదిలింది, చెయ్యి ఆగింది. రెండో కాలికీ అంతే. ఆయన గోళ్ళరంగు సీసా ఆమె ముందుకు జరిపాడు.

"గీత కూడా నువ్వే గీయి."

అప్పుడు ఆమె పళ్ళెంలోని పాత బోల్టును చూసింది, దాని మీద ఎర్ర గీతనూ చూసింది. సీసా మూత తిప్పింది.

"పండగ పూట వీధిలో ఈ మేకల గోల ఒకటి, కాకా. ఈ గోలలో ఎవరికి మాత్రం ఏం వినబడుతుంది?"

"నాకు ఏ గోలా వినబడటం లేదు, నానీ. అదే కదా నేను చెప్పేది."

పద్మశోభ వంగి గీత గీసింది. అది కొంచెం వంకరపోయింది.

సిర్జనా సైకిలు తీసుకునేటప్పుడు ఆయన పాత బోల్టును ఆమె అరచేతిలో పెట్టి చీలిక చూపించాడు. "రాళ్ళు బోల్టులు బిగించవు. దీన్ని ఇలా చేసింది నేను. ఇప్పుడు బిగించింది దీదీ. కొండ దిగేటప్పుడు భయం లేదు."

ఆమె బోల్టు వంక, ఆయన వంక చూసింది. "భయం ఉంటే మీ దగ్గరికి ఎందుకొస్తాను, బా," అని దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో అష్టమి భోజనాలు. వయసు వరుసలో అందరూ కూర్చున్నారు. పెద్దవాడు కనుక ఆయన మొదట. అరటాకులో అటుకులు, దున్నమాంసం, వేయించిన నల్ల సోయా గింజలు వడ్డించారు. మరదలు రెండుసార్లు అడిగాక భార్య మోచేత్తో పొడిచింది. "అయిలా సారా కావాలా అంటోంది. పోయించుకుంటావా, లేక ఇవాళ దుకాణంలోనే తాగొచ్చావా?"

"పొయ్యమను," అన్నాడు. కాసేపటికి, "పండగ తరువాత ఇంట్లోనే ఉంటాను," అన్నాడు. ఆమె ఆయన ఆకులో మరికొన్ని అటుకులు వేసింది.

నవమి ఉదయం ఆయన దుకాణానికి అందరికంటే ముందే వచ్చాడు. దేవుడి గూటి ముందు ఎర్రగుడ్డ మీద పానాలు, శ్రావణాలు, అలెన్ కీలు, తన కొయ్యసుత్తి వరుసగా పేర్చాడు. పద్మశోభ బలికి బదులుగా గుడ్డు కొట్టి, సింధూరం, అక్షతలు పెట్టింది. ఆయన నుదుటన టీకా పెట్టేటప్పుడు, "నువ్వు కూర్చుని చెప్పు కాకా, చేసేవాళ్ళు చేస్తారు," అంది. అది ఆయన ఆమె పెదవుల మీద చదువుకున్నాడు.

"చెప్పవలసింది నిన్న చెప్పేశాను," అని ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు.

పున్నమి దాటి దుకాణం తెరిచిన రోజున మిస్త్రీలు ఎవరి పనిముట్లు వాళ్ళు తీసుకున్నారు. హేరాకాజీ రాలేదు, ఎర్రగుడ్డ మీద ఆయన కొయ్యసుత్తి మిగిలింది. మరిచిపోయాడనుకోవడానికి వీలులేదు, పిడికి కొత్తగా ఆవనూనె పట్టించి ఉంది. పద్మశోభ గుడ్డ మడిచింది గాని దాన్ని కదపలేదు. బొద్దుగా ఉన్న దాని ముఖం మీద సింధూరం ఎండి బీటలు వారింది. ఆ బీటల్లో రెండు బియ్యపు గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి.