గోడ మీద సింధూజ నంబరు

సింధూజ నంబరుకు రోజుకు రెండు ఫోన్లే వస్తాయి. ఒకటి వాళ్లమ్మ ఆండాళు నుంచి, ఇంకొకటి నేత సంఘంలో డిజైన్లు చూసే స్నేహలత నుంచి. ఇరవైమూడేళ్ల సింధూజ గ్రాఫు కాగితం మీద చీరల డిజైన్లకు గళ్లు నింపుతుంది. మధ్యలో ఫోన్ మోగితే లెక్క తప్పుతుందని ఆ ఇద్దరూ అన్నం వేళకే చేస్తారు. అట్లాంటిది ఆ సోమవారం పొద్దున పదింటికల్లా ఐదు ఫోన్లు వచ్చాయి. అన్నీ తెలియని నంబర్లే.

నాలుగు కట్ చేసి, ఐదోది ఎత్తింది.

"అమ్మా, మీ ఇంట్ల ఆటిజం పిల్లగాడు ఉన్నడంట గద? మా మూలికల మందు నలభై దినాలు వాడితే..."

"పిల్లగాడు లేడు. నేనే ఉన్న," అంది సింధూజ. "నా నంబరు మీకెవరిచ్చిన్రు?"

ఇంత సూటిగా అడిగేవాళ్లు అతనికి ఎప్పుడూ తగల్లేదేమో, చప్పున అబద్ధం తోచలేదు. "ఆఫీసు గోడకు లిస్టు పెట్టిన్రు గద మేడం. ఎవరో ఫొటో తీసి గ్రూపుల ఏసిన్రు," అని పెట్టేశాడు.

ఆమె పింఛనుకు దరఖాస్తు పెట్టిన మండలాఫీసు భువనగిరికి పోయే దారిలోనే ఉంది. తల్లీకూతుళ్లు ఆటో దిగేసరికి లిస్టు ఎండలో మెరుస్తోంది. వికలాంగుల పింఛను మంజూరైన ముప్ఫై ఎనిమిది మంది. పేరు, తండ్రి పేరు, ఆధార్, ఫోను, ఎవరికి ఏ వైకల్యం, ఎంత శాతం. పదకొండో వరుసలో సింధూజ.

ఆండాళు మొహం ఎర్రబడింది. "నేను ముందే జెప్పిన. సర్టిఫికెట్టు వద్దే, పదిమందికి తెలుస్తదని. ఇగ జూడు!"

సింధూజ అప్పటికే లోపలికి పోయింది.

లిస్టు ప్రింటు తీసిన గుమాస్తా భిక్షపతి మంచివాడే. కుర్చీ చూపించి మరీ చెప్పాడు. "పైనుంచి ఆర్డరు బిడ్డా. అందరికి కనవడేటట్టు పెట్టాల్నట."

"ఆర్డరు చూపియ్యుండ్రి."

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. భిక్షపతి రెండు బీరువాలు వెతికి తెచ్చాడు. సింధూజ మొదటి అక్షరం నుంచి కింది సంతకం దాకా చదివింది.

"దరఖాస్తు నంబరు, పేరు. గంతే ఉన్నది. మిగతాయి ఎందుకు పెట్టిన్రు?"

"కంప్యూటర్ల అన్నీ ఒక్కతాన్నే ఉన్నయమ్మా, ప్రింటు కొడితే వచ్చినయి. తెలిస్తే ఏమైతది? మంచిదే గద, నలుగురు సాయం జేస్తరు."

సింధూజ సంచిలోంచి గ్రాఫు కాగితం, పెన్ను తీసింది. "మీ ఫోన్ నంబరు చెప్పుండ్రి సార్. బీపీ, షుగరు ఏమన్న ఉన్నయా? రాసి పక్కన అంటిద్దాం. సాయం జేస్తరు."

ఆమె ఎగతాళి చేయడం లేదు. మంచిదని ఆయనే అన్నాడు, మంచిదైతే ఆయనకూ జరగాలని ఆమె లెక్క. వరుసలో నిలబడ్డవాళ్లు మాత్రం పకపకా నవ్వారు.

"నా షుగరు సంగతి ఊరందరికి ఎందుకు బిడ్డా!" అన్న భిక్షపతి, తన మాట తన చెవినే పడ్డట్టు ఆగిపోయాడు. కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి లిస్టు తనే చింపుకొచ్చాడు.

కొత్తది తీయబోతే కాలమ్‌లు దాచడం ఆయనకు రాలేదు. సింధూజ కిటికీ వైపు తిరిగి నిలబడి, ఎట్లా దాచాలో నోటితోనే చెప్పింది.

"ఇటు జూసి చెప్పరాదమ్మా!" అన్నాడు భిక్షపతి.

"అండ్ల ముప్ఫై ఏడుమంది సంగతులున్నయి. నేను చూడొద్దు."

ఆమె ఫిర్యాదు రాసిస్తే ముద్ర వేసి ఒక కాపీ చేతికిచ్చాడు. ఫొటో పెట్టినవాణ్ని పట్టుకుని గ్రూపులోంచి తీయించాడు కూడా. అయినా అది ఎన్ని ఫోన్లలో మిగిలిపోయిందో ఎవరూ చెప్పలేరు. సింధూజ నంబరు మార్చుకోవాల్సిందే. ఆ ఒక్క దానికే ఆమెకు కోపం మిగిలింది.

"పోనీ, ఇగ ఎవ్వలకు తెల్వకుంటె చాలు," అంది ఆండాళు, తిరుగు ఆటోలో.

"తెలిస్తే నాకేం సిగ్గు లేదమ్మా. ఎవలకు చెప్పాల్నో నేను చెప్త."

ఇంతలో డ్రైవరు హారను మోగించాడు. సింధూజ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. పక్కన మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ వంగి చూసింది. "పిల్లకేమైంది బిడ్డా?" అని ఆండాళును అడిగింది.

"తలకాయ నొస్త..." అనబోయింది ఆండాళు.

"నాకు ఆటిజం, అవ్వా," అంది సింధూజ. "హారను చెవుల పొడిచినట్టు అయితది."

ముసలమ్మ మేకపిల్లను ఒక చేతిలోకి మార్చుకుంది. తర్వాత డ్రైవరు భుజం మీద ఒకటి చరిచింది. "ఓ కొడుకా, జర హారను కొట్టకుంట తోలరాదూ!"

అలవాటు కొద్దీ వాడు ఇంకో మూడుసార్లు కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ నాలుక కరుచుకుని వెనక్కి తిరిగి దండం పెట్టాడు. మూడోసారికి ఆండాళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.