జాలీ లేని బెల్టు

నస్రీన్ తన బురఖా మిల్లు యంత్రం బెల్టులో చిక్కుకుని చనిపోయిందని జనగామలో అందరూ నమ్ముతారు.

బస్టాండు ముందరి చాయ్ హోటల్లో ఈ మాటే చెబుతారు. మార్కెట్ యార్డులో హమాలీలను అడిగినా అదే మాట. పత్రికలో జిల్లా పేజీ అడుగున వచ్చిన చిన్న వార్త కూడా అదే. మసీదు గల్లీలో దీనికి ఒక వాక్యం కలుపుకున్నారు: పర్దా విడవకుండానే పోయింది, పుణ్యాత్మురాలు. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు యజమాని బాలనర్సయ్య మరొకటి కలుపుకున్నాడు: బురఖాతో యంత్రం దగ్గరికి వెళ్లడం ఆమె తప్పు, మిల్లు తప్పు కాదు. నేను జీవితమంతా బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఒకే మాట ఇంతమందికి ఇన్ని విధాలుగా అక్కరకు వస్తుంటే, దాన్ని కళ్లారా చూసినవారెవరని అడగడం నాకు అలవాటు.

ఆ రోజు నేను ఆ మిల్లులోనే ఉన్నాను. పాలకుర్తి దగ్గర నాకు కొద్దిపాటి చెలక ఉంది. దానిలో పండిన పత్తి తీసుకుని వెళ్లాను. లోపల యంత్రం ఒక్కసారి మూలిగి ఆగింది. తరువాత ఆడవాళ్ల కేక. షెడ్డు నిండా దూది ధూళి తేలుతూ ఉంటుంది గనుక వాకిట్లో నిలబడిన మాకెవరికీ ఏమీ కనబడలేదు. కొంతసేపటికి బేళ్లు చుట్టే తెల్లగుడ్డలో ఆమెను నిండా చుట్టి ట్రాలీలో దవాఖానకు తరలించారు. ముఖం కూడా చూపించలేదు. పోలీసులు పంచనామాను సేటు బాలనర్సయ్య గదిలో కూర్చుని, ఆయన చెప్పినట్టు రాసుకున్నారు. చక్రం మీద బకెట్టుతో నీళ్లు కొట్టారు. అది ఆరకముందే మిషన్ మళ్లీ తిరిగింది. నా పత్తిలో మిగిలిన సగం ఆ చక్రం మీదనే గింజ విడిచింది.

మరునాడు గేటుకు ఒక పలక వేలాడింది: బురఖా తొడిగేవారికి పని లేదు. అదే మిల్లులో ఏళ్లుగా పత్తిలోని చెత్త ఏరుతున్న నస్రీన్ తల్లి రషీదా బేగంను, ఆమెతోపాటు గల్లీలోని మిగతా ఆడవాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. తప్పు చనిపోయిన మనిషిదే కాబట్టి నష్టపరిహారం మాట ఎత్తవద్దన్నారు. నస్రీన్ భర్త ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. కూతురు జోయా ఇప్పుడు అమ్మమ్మ చేతిలో పడింది.

ఇదంతా మా పాలకుర్తి పత్తి రైతుల సంఘానికి ఎందుకు తగులుకుందో చెప్పాలి. ఆ మిల్లులో పనిచేసే ఎల్లక్క మా సంఘంలో సభ్యురాలు కూడా. కొంచెం కౌలు భూమి ఉంది, సీజన్లో మిల్లు కూలి. సంఘం పుట్టిన రోజున ఆమె లేచి నిలబడి ఒక షరతు పెట్టింది: "ఆడోళ్లను మనుషుల లెక్క సూడనోనికి మన పత్తి పోవద్దు. కులమని, మతమని పక్కకు వెట్టేటోనికి గూడ పోవద్దు." అందరం చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం. ఆనాడు చప్పట్లకు ఖర్చేమీ లేదు. ఇప్పుడు బాలనర్సయ్య సీజనంతా సంఘం పత్తి మొత్తం తానే కొంటానని కబురు పంపాడు. ఎవరూ ఇవ్వని రేటు ఇస్తానన్నాడు.

రైతు వేదికలో మీటింగు పెట్టారు. సేటు స్వయంగా వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని గొంతు.

"నేను ఆడోళ్లకు వ్యతిరేకినా? నా మిల్లుల సగం మంది ఆడోళ్లే. బురఖా మిషిన్ కాడ పనికిరాదంటున్న, గంతే. గిది సైన్సు. మీ సారున్నడు గదా, అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను.

"తిరిగే బెల్టు దగ్గర వదులైన బట్ట ప్రమాదమే. చీర కొంగు, భుజం మీది తువ్వాల, సేటు గారి పంచె, అన్నీ ప్రమాదమే. యంత్రానికి మతం తెలియదు. అందుకే బెల్టుకు ఇనుప జాలీ బిగిస్తారు. మీ బెల్టుకు జాలీ ఉందా?"

"ఉంటది. రిపేరుకు తీసినం."

"ఎప్పుడు తీసిండ్రు సేటూ?" ఎల్లక్క వెనుక నుంచి అందుకుంది. "మా చిన్నోడు పుట్టకముందా, పుట్టినంకనా? వాడు బడికి పోతున్నడు ఇప్పుడు."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పత్తి ఇరికినప్పుడల్లా జాలీ ఊడదీసుడు, మల్ల బిగించుడు టైం ఖరాబని మూలకు ఏసిండ్రు. నడిచే మిషిన్ల చెయ్యి వెట్టి పత్తి గుంజాలె. మొగోళ్లు ఎదురుమాట్లాడ్తరు, వెట్టరు. అందుకని ఆడోళ్లను తోలుతరు. నస్రీన్‌ను గట్లనే తోలిండ్రు."

సంఘం అధ్యక్షుడు ఓదెలు చెడ్డవాడు కాడు, అప్పుల్లో ఉన్నవాడు. "అక్కా, నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం," అన్నాడు. "మరి ఎటు తోలుకపోదాం పత్తిని? మహబూబాబాద్ తొవ్వల గా చిన్న మిల్లు ఉన్నది. ఆడికి పోయి సూసొచ్చిన. బెల్టులకు జాలీలున్నయి, ఆడోళ్లకు పాయిఖానాలున్నయి, అందరికీ ఒకటే కూలి. మంచిదే. కని రేటు తక్కువ, ట్రాక్టర్ కిరాయి మనదే. ఇంట్ల ఎవల్ని ఉపాసం ఉంచుదాం?"

ముందు వరుసలో ఒక కుర్ర రైతు అరిచాడు: "బురఖా ఇప్పి పనిజేస్తె బతికేది గదా! దానికి మనమెందుకు మునగాలె?"

వెనుక గోడ పక్కన రషీదా బేగం కూర్చుని ఉంది. ఆమెకు ఆ సంఘంలో ఓటు లేదు, ఎల్లక్క తీసుకొచ్చింది. ఆ మాట వినగానే ఏదో చెప్పబోయినట్టు ఆమె పెదవులు కదిలాయి. తరువాత జోయా చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. చేతులెత్తారు. బాలనర్సయ్య వైపు ఎక్కువ చేతులు లేచాయి. ఆడవాళ్లలో చాలామంది లేచి వెళ్లిపోయారు. సేటు అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు.

ఆ పెదవుల కదలికను నేను మరవలేకపోయాను. మరునాడు ఎల్లక్కతో కలిసి జనగామలో రషీదా బేగం ఇంటికి వెళ్లాను.

"అమ్మా, మీరు నిన్న ఏదో చెప్పబోయారు," అన్నాను.

"చెప్పేది లేదు సారూ." ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నా బిడ్డెకు ఆఖరి తానం నేనే చేయించిన. నా కండ్లతోని సూసిన. ఏమైందో నాకు ఎర్కలేదా? కని నోరిప్పితె గల్లీల దాని ఇజ్జత్ పోతది. ఇప్పుడు అందరు దువా చేస్తున్నరు. సచ్చినదాన్ని మల్ల బజార్ల నిలవెట్టాల్నా?"

ఎల్లక్క చాపమీద ఆమెకు ఎదురుగా కూర్చుంది. ఆమెకు కూడా ఆ సంగతి తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది.

"నేను చెప్పనక్కా. నీ బిడ్డె ముచ్చట నీ నోటికెళ్లే రావాలె. ఒక్కటి మాత్రం ఇను. నస్రీన్ జాగల ఇప్పుడు గంగిని వెట్టిండ్రు."

"ఏ గంగి?"

"మహదేవపూర్ దిక్కుకెళ్లి కూలికొచ్చిన పిల్ల. గా బెల్టు కాడనే. జాలీ ఇంకా మూలకే ఉన్నది. బురఖా లేదు గదా, ఏం గాదని సేటు అంటుండు. అందరు గదే నమ్మిండ్రు. ఆ పిల్ల గూడ నమ్మింది."

రషీదా బేగం వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి.

"దానికి అమ్మ ఉన్నదా?"

"ఉన్నది."

ఆమె మళ్లీ రాళ్లు ఏరసాగింది. మేము లేచి వచ్చేశాం. వాదనలో నెగ్గలేదనుకున్నాను. నిజానికి గంగికి తల్లి ఉందని విన్నాక మేము వాదించవలసినదేమీ మిగల్లేదు.

పత్తి తరలించే రోజున మా ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బారులు తీరాయి. పనిలేని గల్లీ ఆడవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. గొడవ జరగవచ్చని సేటు ముందే పోలీసులను పిలిపించాడు. రషీదా బేగం నడుచుకుంటూ వచ్చి గేటు ముందు, మొదటి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"నా బిడ్డె సామాన్ లోపట ఉన్నది. ఇయ్యి సేటూ, తీస్కొనిపోత."

"ఏం సామాన్?"

"బట్టలు. రేకుల అర్రల."

"ఏ అర్ర?" బాలనర్సయ్య లెక్కలు రాసే మున్షీ వైపు చూశాడు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గింజల గోదాము వెనుక నాలుగు రేకులు ఆనించుకున్న చోటు ఒకటుందని యజమానికి తెలియదు. ఆయన ఏనాడూ అటు వెళ్లి ఉండడు. "ఏం లేదు, పో. బురఖా ఏసుకొని మిషిన్ల పడి సచ్చి, మీది నుంచి మా మీదికే వస్తరు!"

గల్లీ ఆడవాళ్లు గేటు పట్టుకుని ఊపారు. లాఠీ ఒకటి ఊచల మీద మోగింది, రెండోసారి ఎల్లక్క మణికట్టు మీద పడింది. అదే సమయానికి లోపల యంత్రం చప్పుడు ఆగిపోయింది. షెడ్డులోంచి ఆడవాళ్లు బయటికి వస్తున్నారు. చీరల మీద మగవాళ్ల పాత అంగీలు, తలకు బిగించి కట్టిన రుమాళ్లు, ఒళ్లంతా దూది. అందరికంటే ముందున్న పిల్ల పరుగున వచ్చి లోపలి గొళ్లెం లాగేసింది. ఆమె గంగి.

రషీదా బేగం లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతుల మీద నల్లటి మడత ఉంది.

"గిది నస్రీన్ బురఖా." దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తింది. "ఆ పొద్దు మేకుకు తగిలిచ్చి పనిల దిగింది. రోజు గట్లనే దిగేది. నేను గూడ గంతే. గీ మిల్లుల బురఖాతోని ఎవ్వతె పనిజేయలే. మొగోళ్లున్న తాన అంగీ తొడిగి, రుమాల్ కట్టి చేసింది నా బిడ్డె. ఆ అంగీ చెయ్యే బెల్టుల పడ్డది. ఇజ్జత్ పోతదని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. ఇగ పోనీ. నా బిడ్డెను చంపింది బురఖా గాదు, జాలీ లేని బెల్టు."

"అబద్ధం!" బాలనర్సయ్య అరిచాడు. "ఇంట్లకెళ్లి ఏదో పాత బురఖా తెచ్చి చూపిస్తున్నది!"

గుంపులోంచి అబ్దుల్ బారీ ముందుకు వచ్చాడు. గల్లీలో దర్జీ, మసీదు కమిటీ పెద్ద. రషీదా బేగంను నచ్చజెప్పి ఇంటికి తీసుకెళ్లడానికే ఆయన అక్కడికి వచ్చాడు. అంగీ, రుమాలు అన్న మాటలకు ఆయన ముఖం మాడిపోవడం నేను చూశాను. ఆయన చెయ్యి చాచి ఆ బట్ట మెడపట్టీని వేళ్లతో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"గీ కుట్టు నాది," అన్నాడు చివరికి. "పోయిన రంజాన్‌కు నేనే కుట్టిచ్చిన. ఆ పిల్లకు ఉన్నది గిదొక్కటే." తరువాత గల్లీ మగవాళ్ల వైపు తిరిగి, "కడుపుకోసం కష్టం చేసిన పిల్ల. ఇంక ఎవడన్న ఒక్క మాట అంటె నాతోని అనుండ్రి," అన్నాడు.

ఓదెలు ట్రాలీ అంచు ఎక్కాడు.

"సంఘం వెట్టిననాడు ఒక మాట అనుకున్నం. మొన్న నేనే దాన్ని తొక్కిన. ఇయ్యాల మల్ల అడుగుతున్న. జాలీ బిగియ్యకుంట, గీ ఆడోళ్లను మల్ల పనిలకు తీస్కోకుంట, నస్రీన్ బిడ్డెకు ఇయ్యాల్సింది ఇయ్యకుంట గీ గేట్లకు మన పత్తి పోవాల్నా? ఎవనితోని కలిసి యాపారం చెయ్యాల్నో చెప్పేది మనమే. చేతులు లేపుండ్రి!"

చేతులు లేచాయి, ట్రాక్టర్ల మీద, రోడ్డు మీద, గేటు లోపల. ఎల్లక్క వాచిన చెయ్యే ఎత్తింది. అందరూ ఎత్తారని నేను రాయను. కొందరు తలవంచుకుని బండ్లు లోపలికి తోలారు, వారి అప్పులు వారివి. మిగిలిన బారు మొత్తం ఇరుకు రోడ్డు మీద ముందుకూ వెనుకకూ కదిలి, ముఖం తిప్పుకుని మహబూబాబాద్ దారి పట్టింది. తక్కువ రేటుకు, సొంత కిరాయితో. మొన్న అరిచిన కుర్ర రైతు బండి కూడా అందులో ఉంది. మిల్లు ఆడవాళ్లు గేటుకు అడ్డంగా బైఠాయించారు. జాలీ బిగించేదాకా లేవమన్నారు.

రాకపోకలు అడ్డుకున్నారని రషీదా బేగంను, ఎల్లక్కను, ఓదెలును, గంగిని వ్యానులో ఎక్కించారు. నన్ను కూడా ఎక్కించబోయి, వయసు చూసి దింపేశారు. వారు వెళుతున్నప్పుడు గేటు దగ్గర నినాదం ఆగలేదు. ఖాళీ అయిన చోట్లలో వేరే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. నేను జోయాను వెంటబెట్టుకుని, అబ్దుల్ బారీతో కలిసి ఠాణాకు నడిచాను.

ఎస్సై రషీదా బేగం చేతుల్లోంచి ఆ మడతను లాక్కుని బల్ల మీద పరిచాడు. బెల్టులో చిక్కుకుంటే చినిగి ఉండాలి గదా, ఆ చినుగు ఎక్కడుందో చూపించమన్నాడు. దర్జీ అంచులు పట్టుకుని వెతికాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను. ఎస్సై దీపం దగ్గరికి ఎత్తి పట్టి, లోపలా బయటా తానే వెతికాడు.

ఆ బురఖాలో ఒక్క పోగు కూడా తెగలేదు.