అంతా బాగుందనే ఉత్తరాలు

డ్రైవరు కాలెర్వో తెచ్చిన పాల ట్యాంకరు జున్ను కేంద్రం వాకిట్లో నిలబడి గంట దాటింది. పాల పరీక్ష వివరం కంప్యూటర్లోకి ఎక్కితే గానీ గొట్టం తగిలించనివ్వరు. ఉదయం పది దాటితే పదమూడు కొట్టాల పాలు పారబోయాల్సిందే.

యంత్రాల బాధ్యత సిర్కాది. ఆమె తెర ముందు నుంచి లేవలేదు. కంప్యూటరు ఒకటే మాట చెబుతోంది: చోటు లేదు. డిస్కు చూస్తే సగానికి పైగా ఖాళీ. అయినా పెద్ద పాత కెమెరా వీడియోలు రెండు తుడిచేసింది. ఖాళీ పెరిగింది గానీ మాట మారలేదు.

కాలెర్వో కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు.

"కడుపు ఖాళీ అంటావు, ముద్ద దిగట్లేదంటావు. నీ మిషనుకి జబ్బా, పొగరా?"

సిర్కా తల తిప్పింది. కిటికీలోంచి జున్ను గది కనబడుతోంది. అక్కడ ప్రతి జున్ను చక్రానికీ ఒక నంబరు బిళ్ల. బిళ్లలు అయిపోతే అరలెంత ఖాళీగా ఉన్నా కొత్త చక్రం లోపల పెట్టరు. ఆమె చేయి ఆగింది. డిస్కులోనూ ప్రతి ఫైలుకీ అలాంటి బిళ్ల ఒకటి ఉంటుంది, ఐనోడ్ అంటారు. ఈసారి చోటు కాకుండా బిళ్లలెన్ని మిగిలాయో అడిగింది. ఒక్కటీ లేదు.

ఏ ఫోల్డరులో ఎన్ని ఫైళ్లున్నాయో లెక్కపెట్టించింది. ఒక్కచోటే పదిహేను లక్షలు. సిర్కాకు ముందు ఈ పని చూసి, మూడేళ్ల కిందట రిటైరైన తౌనో ఈమెయిలు ఉత్తరాల పెట్టె అది. ఒకటి తెరిచింది. 'అంతా బాగుంది.' ఇంకోటీ అదే. నిమిషానికొకటి చొప్పున కంప్యూటరే రాసి పడేస్తోంది. వీడియోలు వదిలిన రెండు బిళ్లలూ వీటికే పోయాయి. వెళ్లేటప్పుడు ఈ సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ముందు ఆ రాత ఆపింది. మొత్తం ఒకేసారి తుడవమంటే, జాబితా మరీ పొడుగని కంప్యూటరు మొరాయించింది. దాంతో ఒక్కొక్కటే తుడవమని ఆమె ఆదేశం మార్చింది. మొదటి వెయ్యి పోయేసరికే పరీక్ష వివరం లోపలికెక్కింది. అప్పటికి టైము తొమ్మిదీ నలభై.

కాలెర్వో కప్పు అక్కడే వదిలేసి వెళ్లాడు. కాసేపటికి గొట్టంలో పాలు పరుగెత్తే చప్పుడు వినిపించింది. సిర్కా వెనక్కి వాలి, తౌనోకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"అవి చదవడానికి కాదమ్మా," అన్నాడాయన. "రావడం మానేస్తే ఏదో అయిందని తెలుస్తుందని."

"అవే ముంచాయి తౌనో గారూ."

"ఊఁ. ఇప్పుడెలా ఉంది?"

సిర్కా కిటికీలోంచి ట్యాంకరు వైపు చూసింది.

"అంతా బాగుంది."

"సరే," అన్నాడు తౌనో. "ఇదొక్కటీ ఉంచుకుంటాను."