దేవపాలు ఫోనులో చుక్క

ఎన్నికలకు ఇంకా రెండు నెలలున్నాయి. దేవపాలు పులివెందుల పోయి వస్తూ ప్రొద్దుటూరులో బండి ఆపి, బట్టల అంగడి మిద్దె మీద మేనకోడలు ఉంటున్న గదికి వచ్చాడు.

"మ్మీ రత్నమణీ, ఈ ఫోనుకేం రోగమో సూడు. పొద్దున నిండా చార్జింగు పెట్టినా, మధ్యాన్నానికే సచ్చిపోతాంది."

రత్నమణి ఫోన్లు బాగుచేసే మనిషి కాదు. ఒక బెంగళూరు కంపెనీ పంపే యాప్‌లను విప్పి, దొంగ దూరే సందులు ఎక్కడున్నాయో రాసిస్తుంది. యాప్ చేసినవాళ్లు రాసుకున్న అసలు రాత ఆమెకు ఎవరూ ఇవ్వరు. యంత్రానికి మాత్రమే తెలిసే మాటలోకి మార్చి కట్టేసిన ముద్దే చేతికి వస్తుంది. రవికెను కుట్టు కుట్టూ విప్పి, దర్జీ ఏ ముక్క ఎట్లా కత్తిరించాడో కనుక్కోవడం లాంటి పని అది.

ఫోనును తినేస్తున్నది పార్టీ యాప్. తమ కార్యకర్తల్లో ఎవరు ఏ ఊళ్లో తిరుగుతున్నారో హాజరు వేయడానికి పార్టీవాళ్లు పెట్టింది. రత్నమణి దాన్ని తన కంప్యూటర్లోకి తీసుకుని రెండు రోజులు విప్పింది. రెండు నిమిషాలకొకసారి అది మనిషి ఉన్న చోటును కంపెనీకి పంపుతోంది. కంపెనీ కంప్యూటరు లోపలికి పోయే రహస్యపు మాట, అంటే పాస్‌వర్డు, అందరికీ ఒక్కటే, దాన్నీ యాప్ పొట్టలోనే రాసిపెట్టారు. ఆ మాట తెలిసినవాడు సభ్యత్వ నంబరు కొడితే చాలు, ఆ మనిషి పటం మీద చుక్కై కనబడతాడు.

మామ సభ్యత్వ నంబరు కొట్టి చుక్కను చూసి, ఆయనకే ఫోన్ చేసింది.

"యాడుండావు మామా?"

"అది చెప్పకూడదు గదమ్మీ."

"చిలమకూరు ఫ్యాక్టరీ గేటు ఎదురుగా."

అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

దేవపాలు ఆ పార్టీ నాయకుడు వీరభద్రయ్యకు ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నాడు. తన అన్నను పగవాళ్లు బాంబులేసి చంపినప్పటినుంచి వీరభద్రయ్య ఏ దారిన పోవాలో చీలిక దగ్గరికి వచ్చాకే చెప్పేవాడు. జాడ తెలుస్తుందని తన ఫోను ఇంట్లో దిండు కింద పెట్టి బయలుదేరేవాడు. డ్రైవరు జేబులో ఫోను సంగతి ఎవరికీ తట్టలేదు.

యాప్ కట్టిన కంపెనీ పేరు చూసి రత్నమణికి అనుమానమొచ్చింది. ఎదుటి పార్టీ యాప్ కూడా దించుకుని విప్పింది. అదే కంపెనీ, అదే రహస్యపు మాట. ఒక ఊరి పేరు కొట్టగానే అక్కడి ఆ పార్టీ మనుషుల పేర్లు, పనుల జాబితా మొత్తం వచ్చింది. మూసేసింది. కంపెనీకీ, రెండు పార్టీల ఆఫీసులకూ ఈ సందు గురించి ఒకే ఉత్తరం పంపి, మామతో జమ్మలమడుగు పోయింది.

వీరభద్రయ్య అంతా విన్నాడు. "మంచి పని చేసినావు పాపా. ఆ పక్కోళ్లదీ ఇట్లే తెరుచుకుంటాదా?"

దేవపాలు నేల చూపులు చూశాడు.

"తెరుచుకుంటాది అయ్యా, కంపెనీ వాళ్లు మూసేదాకా. ఆ పక్కోళ్లకూ రాసినా."

"ముందు మాకా, వాళ్లకా?"

"ఒకటే ఉత్తరం. అందరికీ ఒకేసారి పోయింది."

వీరభద్రయ్య నవ్వలేదు. "అయితే మూసే లోపల ఆ పక్కోళ్ల పెద్దమనిషిని ఒక్కణ్ణి సూసి చెప్పు. యాడుండాడో, అంతే."

"సూడను అయ్యా."

"దేవపాలూ, బండి తాళాలు బల్ల మీద పెట్టి పో."

బస్టాండులో సిమెంటు అరుగు మీద కూర్చున్నాక దేవపాలు నోరు విప్పాడు. "ఇరవై ఏండ్ల కొలువు ఒక్క మాటతో తీసేస్తివి. సూసి చెప్పింటే నీ సొమ్మేం పోతాండె?"

"ఆ పెద్దమనిషీ ఫోను ఇంట్లోనే పెట్టి పోతాడేమో మామా. అప్పుడు కనబడేది ఆయన డ్రైవరు చుక్క. జాబితాలో సూసినా, షంషుద్దీన్ అంట."

"ఎర్రగుంట్ల షంషుద్దీనా?"

"ఏమో. నీకు తెల్సా?"

దేవపాలుకు అతను పాత పరిచయం. ఎదురెదురు పార్టీల బండ్లు తోలినా, కలెక్టరాఫీసు బయట ఎండలో గంటలకొద్దీ ఒకే చెట్టు నీడన నిలబడినవాళ్లు. బాంబు పడితే మొదట అద్దం పగిలేది ఎవరి ముఖం మీదో ఇద్దరికీ తెలుసు.

"కంపెనీవాళ్లు మూసినారా?"

రత్నమణి తన ఫోన్లో చూసింది. "ఉత్తరం అందింది, పరిశీలిస్తామని రాసినారు. ఇంకా తెరిచే ఉండాది."

ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. దేవపాలు లేవలేదు. ఫోను తీసి, పేరు వెతికి, చెవికి పెట్టుకున్నాడు.

"ఏమప్పా షంషుద్దీనూ, నేను దేవపాలును. బండి తోల్తాండావా? పక్కకు ఆపు. నీ ఫోన్లో మీ పార్టీ యాప్ తీసేయాల, ఎట్లనో మా పాప చెప్తాది."

అని ఫోను ఆమె చేతికిచ్చాడు.