అంచు ముక్కలు

"ఉల్లి తొక్కలు కూడా సూపులోకేనా? నిన్ను కట్టుకుని నా కొడుకు ఏం బావుకున్నాడో!" అంటుంది మా అత్తగారు ఓల్గా, నేను వంటింట్లో దేన్నీ పారెయ్యనని. ఆ పీనాసితనమే మొన్న ల్యాబులో పనికొచ్చింది.

మా మోంతెవీదెయో నగరంలో క్యాన్సరు మీద పరిశోధన చేసేచోట పద్దెనిమిదేళ్లుగా నా పని, ఎలుకల కాలేయంలో పెరిగిన కణుతుల్ని పలచగా కోసి గాజు పలకల మీద అతికించడం. కొత్త రక్తనాళాలు పుట్టనియ్యకుండా, కణితికి రక్తం అందకుండా చేసి మాడ్చే మందును పరీక్షిస్తున్నాం. నడిమి భాగంలో కొత్త రక్తనాళాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అంచులు పారేస్తారు. నేను పారెయ్యలేదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూద్దును కదా, నా తల్లే! నడుమ ఎండిపోయిన మాట నిజమే. కానీ అంచున బతికిన కణాలు కొత్త నాళాల ఊసే ఎత్తకుండా, పక్కనున్న మంచి కాలేయంలోని పాత నాళాలను కరుచుకుని పాకుతున్నాయి. మందు గెలిచిందని మేం చప్పట్లు కొడుతుంటే అవి దారి మార్చుకున్నాయి. ఒక దారి మూస్తే ఇంకోటి వెతుక్కోవడం నాకు తెలియని విద్యేం కాదు. డిగ్రీ పాఠాలన్నీ ఇస్త్రీ బల్ల మీదే చదివాను. అందుకే నవ్వొచ్చింది, భయమూ వేసింది.

మా ఆయన విల్సన్‌తో చెబితే, "మీ డాక్టరుగారి చెవిన వెయ్యి, ఆయన చూసుకుంటాడు. నీకెందుకే ఆ తలనొప్పి? అన్నట్టు నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నాడు. పోయినసారి అలాగే చెవిన వేశాను. ఆయన చూసుకున్నాడు కూడా. వ్యాసంలో నా పేరు తప్ప అందరి పేర్లూ ఉన్నాయి.

బుధవారం మీటింగులో మాతె అనే చేదు ఆకు టీ పొయ్యడం ఎప్పుడూ నా వంతే. ఎండిన సొరకాయ బుర్రలో ఆకు వేసి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి, ఒకరు తాగాక మళ్లీ నింపి ఇంకొకరికి అందివ్వాలి. పోసే మనిషికి చేయి ఖాళీ ఉండదు, మాట్లాడే సందూ దొరకదు.

"మందు పనిచేసింది. ఇక రోగుల మీద వాడి చూడ్డానికి రాసేద్దాం," అన్నారు మా ల్యాబు పెద్ద డాక్టర్ ఇతుర్రాల్దె. "నీబియా, మాతె కానియ్యమ్మా!"

రోగుల మీద! లేచి బుర్రనీ ఫ్లాస్కునీ ఆయన ముందు పెట్టాను.

"ఇవాళ మీరు పొయ్యండి డాక్టర్. నేను మాట్లాడాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన బిక్కమొహం వేసి పోశారు. మా దగ్గర మొదటి బుర్ర పోసినవాళ్లే తాగాలి. ఆకులోని చేదంతా అందులోనే దిగుతుంది.

"అబ్బ! ఇంత చేదేంటమ్మా?"

"పద్దెనిమిదేళ్ల నుంచీ అంతే డాక్టర్," అని నవ్వి, నా అంచు ముక్కను తెర మీద వేశాను.