బయటికి తెరుచుకునే తలుపు

బయ్యన్న ఇంటి తలుపు రెండోసారి పగిలిన మరునాడు నాకు కబురు వచ్చింది. మొదటిసారి ఆయన దాయాదులు బండరాళ్లతో పగలగొట్టారు. రెండోసారి నాటు బాంబులు వేశారు. లోపలి నుంచి తలుపుకు వీపు ఆనించి నిలబడిన ఆయన తమ్ముడు తలుపుతో పాటే ముక్కలైపోయాడు. నేను పోయేసరికి గోడలు కడుగుతున్నారు. సున్నం మీద నెత్తురు ఎంత కడిగినా పోదు, పైన మళ్లీ సున్నం కొట్టాల్సిందే.

"ఏమప్పా బకాషూ, ఏనుగు గుద్దినా కదలని తలుపు చేస్తావా?" అన్నాడు బయ్యన్న.

"చేస్తా అన్నా. ఐతే నేను చెప్పినట్ల చేయనీయల్ల."

నేను ఐదో తరగతిలో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి. చదువు లేదు గాని, ఒక పని నేర్చుకుని వచ్చాను. తొంభై ఆరులో గోదావరి వైపు తుఫాను వచ్చి ఊళ్లు కొట్టుకుపోయాక, అక్కడ తుఫాను షెల్టర్లు కడుతున్నారంటే కరువు పడలేక పోయి ఏడాదిన్నర పని చేశాను. అక్కడి ఇంజనీరు చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉండేది. అందులో ఉన్నట్టు లేకపోతే తలుపు వెనక్కి పంపేవాడు. తలుపు బయటికే తెరుచుకోవాలి, అప్పుడు గాలి ఎంత తోస్తే అంత గట్టిగా చట్రానికి అతుక్కుంటుంది. మడతబందులు మూడు చాలవు, ఐదు ఉండాలి. చట్రాన్ని జానెడు పొడుగు ఇనుప కొక్కేలతో గోడలోకి దిగ్గొట్టాలి. గడియలు కింద బండలోకి, పైన దూలంలోకి దిగాలి. అన్నీ అయ్యాక నలుగురి చేత ఒక దుంగను విసిరించి చూడాలి.

ఇదంతా చెబితే బయ్యన్న భార్య ఇంద్రాణమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఈడ చినుకే లేదు, నీకు తుఫాను యాడ కనపడిందప్పా? బయటికి తెరిసే తలుపు ఎవురింట్లోనన్నా ఉండాదా? ఇంటికొచ్చినోళ్లను మొగం మీద కొట్టినట్ల!"

"వచ్చేటోళ్లు బాంబులు తెస్తాండారు గదమ్మే," బయ్యన్న నవ్వాడు. "మొగం మీదనే కొట్టనీ."

"వదినా, లోపలికి తెరిసే తలుపును ఒట్టి గడియే ఆపల్ల. బయటికి తెరిసేదాన్ని గోడంతా ఆపుతాది," అన్నాను నేను. ఇంజనీరు మాటే అది. నా సొంత తెలివి అయినట్టు చెప్పాను.

మూడంగుళాల టేకు, దాని మీద ఇనుప రేకు. నలభై రోజులు పట్టింది. దుంగతో నలుగురు గుద్దితే దుంగే చీలింది. ఆ నమ్మకంతో బయ్యన్న పెరటి వాకిలిని రాళ్లు పెట్టి మూయించేశాడు. కాపాడుకోవాల్సింది ఒక్క వాకిలే ఉంటే మేలని. నేనూ సరే అన్నాను.

మరుసటి ఏడు జూన్‌లో ఒక పదును వాన పడింది. కంబదూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ విత్తనం పనిలో పడ్డాయి. నా పెండ్లాం ఆసియా ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి బయ్యన్న ఇంటికి విత్తనం చెనక్కాయలు వలవడానికి పోయింది. నా కొట్టం అదే వీధి చివర. పొద్దున పది గంటలప్పుడు దున్నే మడక చెక్కుతుంటే జీపు వచ్చింది.

దిగింది ఆంజనేయులు, బయ్యన్న చిన్నాయన కొడుకు. వెంట ఆరుగురు. అరుగు మీద కాపలా ఉన్న జయరాముడు లేచేలోపే మెడ మీద రెండు వేట్లు పడ్డాయి. వాడు అరుగు మీద నుంచి కిందికి జారి, కాళ్లు కొట్టుకుని ఆగిపోయాడు. లోపల దబ్బున తలుపు మూసిన చప్పుడు, గడియలు పడిన చప్పుడు.

మూడు బాంబులు వేశారు. రేకు సొట్ట పోయింది, అంతే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా పెండ్లాం లోపల ఉన్నా సరే, ఆ క్షణం నాకు గర్వం వేసింది.

పొగ తగ్గాక ఆంజనేయులు దగ్గరికి పోయి మడతబందులు తడిమి చూశాడు. పగలబడి నవ్వాడు.

"రేయ్, ఇది బయటికి తెరుచుకునే తలుపు రా! జీపు ఎనక్కి తీసుకోండి!"

జీపు వెనక భాగం తలుపుకు ఆనించి నిలిపారు. ఇద్దరు మిద్దె ఎక్కి, వెలుతురు కోసం పెట్టిన గవాక్షిలో నుంచి కిరసనాయిలు పోసిన ఎండు చెనక్కాయ కట్టె మండించి లోపలికి కుక్కారు. లోపల ఆడవాళ్ల కేకలు. లోపలివాళ్లు గడియలు తీశారు, తలుపు తోశారు. అది జీపుకు తగిలి ఆగిపోయింది. గాలి జీపు తెచ్చి అడ్డం పెట్టదు. మనుషులు పెడతారు. ఆ కాగితంలో ఇది లేదు, నా బుర్రలోనూ లేదు.

చేతిలోని సుత్తితోనే పరుగెత్తాను. ఒకడు కొడవలి పిడితో నా నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. ఆంజనేయులు కాళ్లు పట్టుకున్నాను.

"అన్నా, నా పెండ్లాం లోపలుండాది! కూలికి పోయినోళ్లు ఏం చేసినారన్నా?"

"నీ పెండ్లామా?" లుంగీ ఎగగట్టుకుంటూ అన్నాడు. "ఆడోళ్ల జోలికి మేము రాము సాయిబూ. జీపు మూరెడు జరుపుతాం, ఒక్కొక్కరే రావల్ల. ఐనా సూడు, బయ్యన్న నీ పెండ్లాన్నే అడ్డం పెట్టుకొని వస్తాడు."

జీపు మూరెడు జరిగింది, తలుపు మూరెడు తెరుచుకుంది. నేను సుత్తి మళ్లీ అందుకుని ఆ సందు పక్కనే నిలబడ్డాను. ఒకామె దగ్గుతూ వచ్చింది. రెండో ఆమె, మూడో ఆమె. ఇంద్రాణమ్మ జుట్టు కాలి వాసన వేస్తూ వచ్చి జయరాముడి నెత్తురులో కూలబడింది. తర్వాత ఆసియా. ఆమె భుజం మీద మగవాడి చెయ్యి. ఆమె మెడ పక్కన, పొగలో, కొడవలి అంచు.

నేను చూసింది అంతే. సుత్తి ఎత్తి బయ్యన్న కణత మీద కొట్టాను. మట్టికుండ పగిలినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ల మీద పడి, నా వైపు తల తిప్పి, "బకాషూ..." అన్నాడు. ఇంకో మాట అనబోతుంటే ఆరుగురూ మీద పడ్డారు. మొదటి వేటుకు చెయ్యి తెగి పడింది. మిగిలినవి నేను లెక్కపెట్టలేదు. నా చొక్కా మాత్రం గుండీల నుంచి అంచు దాకా తడిసిపోయింది.

"శబాష్ సాయిబూ!" అంటూ ఆంజనేయులు జీపెక్కాడు.

ఆసియా పొగ మింగింది. కళ్యాణదుర్గం ఆస్పత్రిలో సాయంత్రం దాకా గొంతు పెగల్లేదు. పెగలగానే అడిగిన మొదటి మాట, "ఆయప్పను ఎందుకు కొట్టినావు?"

"నీ మెడ మీద కొడవలి పెట్టినాడు గదే!"

"ఎవురు చెప్పినారు నీకు? కండ్లు కనపడక తడుముకుంటా ఉంటే, నా భుజం పట్టుకో అని నేనే అంటి. ఆడోళ్లనంతా ముందు పంపి ఆఖరున వచ్చినాడు. బయట నిలబడిండేది సంపేటోళ్లయితే, ఒట్టి చేతుల్తో వస్తాడా?"

వార్డు బయట పోలీసులు నా పేరు అడుగుతున్నారు.

కేసు అనంతపురంలో నడిచింది. మెడ మీద కొడవలి ఉందని నీ భార్య చెబితే చాలు, బయటపడతావు అన్నాడు మా వకీలు. ఆ మాట ఆసియాకు మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ తల ఊపింది. వాయిదా నాడు ఇంద్రాణమ్మ తెల్లచీరలో వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. ఆసియా బోనెక్కి, ఆమెను చూసి, తర్వాత నన్ను చూసింది.

"మా ఆయనే కొట్టినాడు సార్. నా కోసమే కొట్టినాడు. ఆయప్ప మాత్రం నన్నేమీ చేయలేదు."

జడ్జి రాసుకున్నాడు. రాసుకున్నంత సేపూ ఆసియా నన్నే చూస్తూ నిలబడింది.