ఏఈ సారు విస్తరి

"కారం తగ్గించు, ఏఈ సారుకు గ్యాస్" అని పొద్దున్నే చెప్పిపోయాడు మా ఆయన గిరిధర్.

నాటుకోడి కడుగుతున్నాను. పెనుకొండ చుట్టుపక్కల మేం చేసే గవర్నమెంటు పనుల తనిఖీ పన్నెండేళ్లుగా మా భోజనాల బల్ల మీదే జరుగుతోంది. బిల్లు పాస్ చేసే ఈ ఇంజనీరు సారు వస్తాడు, సంగటి తింటాడు, కొలతల పుస్తకంలో రాసుకుంటాడు, పోతాడు. కట్టిన గోడ మొహం చూడడు. "మీ చేతి వంట తింటే కొలతలు వాటంతటవే వస్తాయమ్మా" అని ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. అందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

గిరిధర్ పేరు బ్లాక్‌లిస్టులో పడ్డాక కాంట్రాక్టు లైసెన్సు నా పేరున తీశాడు. "నీకేం తెలుస్తాదే, నేను ఏలు పెట్టి చూపిన కాడ సంతకం పెట్టు" అన్నాడు. మొగుడు కాంట్రాక్టరును చేశాడు, ఇంకేం కావాలని మా అత్త మురిసిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టడం, మళ్లీ వడ్డించడం. కాంట్రాక్టరు కళావతి, అంటే నేను, ఏనాడూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు.

ఈరోజు బిల్లు పక్క పల్లె అంగన్‌వాడీ కప్పుది. రెండేళ్లలో మూడో రిపేరు. మూడుసార్లూ మావాళ్లు గోడకు రంగు పూశారు, కప్పు ముట్టలేదు. ఈ మాట చెప్పింది మా అంట్లు తోమే చౌడక్క. తల ఎత్తకుండా, తోముతూనే.

"నిన్న పెచ్చు ఊడి నా మనవరాలి గిన్నెలో పడిందమ్మా. రవంత అటైతే నెత్తిమింద పడుండు."

నేను సంతకం పెట్టిన కప్పు.

సంగటి, కూర, పులుసు క్యారియర్లలో సర్ది ఆటో ఎక్కాను. చౌడక్క నా పక్కనే. టీచరుకు చెప్పి పిల్లల్ని బయట కానుగచెట్టు నీడలో కూర్చోబెట్టాం. లోపల, కప్పులో ఇనుప కమ్మీలు బయటపడిన చోట సరిగ్గా కింద, రెండు విస్తర్లు వేసి ఫోన్ చేశాను.

"భోజనం అంగన్‌వాడీలో పెట్టినా. సారును ఈడికి పిలుచుకొని రా. తిన్నాక బిల్లు మీద సంతకం పెడతా."

గిరిధర్ గొంతు తగ్గించాడు.

"తల తిరుగుతాందా నీకు? ఆ కప్పు కింద అన్నం ఎట్ల తింటారే? నెత్తిన పడితే?"

అంటే తెలుసు. మూడు బిల్లులకూ తెలుసు.

"పిల్లోళ్లు రోజూ తింటాండారు" అన్నాను.

ఇంటికి రావద్దన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. ఫోన్ పెట్టేసి కూర గిన్నె బయటికి తెచ్చాను. కారం తగ్గించడం మంచిదే అయింది, పిల్లలు ఒక్కరు కూడా ముక్కు చీదకుండా తిన్నారు. పన్నెండేళ్లలో మొదటిసారి నేనూ వేడిగా తిన్నాను, చౌడక్క పక్కన కూర్చుని.

విస్తర్లు మాత్రం తియ్యలేదు. సంతకం కావాలంటే ఆ ఇద్దరూ ఆ కప్పు కిందికే రావాలి.